పారాచూట్ గుడ్డకు మడి ఉందా?

అత్తవారింట్లో వంటంతా మా వదినే చేసేది. మా ఆయనకు అక్క. చిన్నతనంలోనే భర్త పోయి పుట్టింటికి వచ్చేసింది. తడిపి, ఎవరూ ముట్టకుండా ఆరేసిన చీరతో మడి కట్టుకుంటే, భోజనాలయ్యేదాకా ఎవరినీ తాకేది కాదు. అనకాపల్లి ముసుర్లో నూలుచీర ఆరేదెప్పుడు? తడిదే చుట్టుకునేది. పంతొమ్మిదివందల అరవైల్లో ఒక వానాకాలం ఆమెకు దగ్గు పట్టుకుంది. ఇంకా తడిబట్టల్లోనే ఉంటే మనిషి దక్కదన్నాడు డాక్టరు. పట్టుచీర కొందామంటే, "మొగుడు పోయినదానికి పట్టుచీరేటి, లోకం నవ్వదూ?" అన్నారు అత్తగారు. నాకు ఒళ్లు మండిపోయింది.

బజారులో ఒక సాయిబుగారి బట్టల కొట్టుండేది. ఆయన విశాఖపట్నంలో వేలం పాడి తెచ్చిన తెల్లటి గుడ్డ తాను మీద నా కళ్లముందే జల్లు పడింది, కాసేపటికే ఆరిపోయింది. అదేం గుడ్డని అడిగాను.

"నైలానమ్మా. ఇమానంలోంచి దూకేవోళ్ల పారాచూట్లకి. మనూళ్లో దూకేవోడెవడు? మీకేటికి?"

"చీరకి."

నన్ను ఎగాదిగా చూసి, నవ్వాపుకుని కొలిచాడు.

ఇంటికొచ్చి దాన్ని కుదురుగా ఉండనివ్వలేదు. చెంబుడు నీళ్లు పోసి దులిపితే చుక్కలు రాలిపోయాయి. దీపానికి చూపిస్తే అంచు కరిగి, పూసలా గట్టిపడింది. ఇది కట్టుకుని పొయ్యి దగ్గరకెళ్తే ఇంకేమన్నా ఉందా? పొయ్యి దగ్గర మడి నేను కట్టుకుంటానని, నీళ్లూ పూజా వదిన చూసుకోవాలని చెప్పేశాను. నా ఒళ్లు రాయి, తడిచీర నన్నేం చేస్తుంది?

"పత్తి కాదు, పట్టు కాదు. దీనికి మడెలా?" అని అత్తగారు పురోహితుడికి కబురంపారు. శాస్త్రం రాసిననాటికి ఈ గుడ్డ లేదు, మీ ఇష్టం అన్నాడాయన. వదిన విషయంలో ఇష్టమన్న మాట ఆ ఇంట్లో అప్పుడే విన్నాను.

మర్నాడు వదిన నైలాను చీరలో పొడిగా పూజ ముగించుకుని వచ్చింది. నేను పొయ్యి దగ్గర తడిచీరలో ఉన్నాను. నూలుగౌనులో మా రెండేళ్ల పాప నాకోసం ఏడుస్తూ గడప దాకా వచ్చింది. ముట్టుకుంటే మడి పోతుంది, ఎత్తుకునేవాళ్లు లేరు. వదిన అత్తగారి వైపు చూసింది.

"శాస్త్రంలో లేని గుడ్డే కదమ్మా," అంటూ వంగి పాపని చంకనేసుకుంది.

నా చేతిలో గరిటె ఆగిపోయింది.

"ఆ గుడ్డ జారుతుందే," అన్నారు అత్తగారు. "పిల్లని గట్టిగా పట్టుకో."