మా రేకుల కింది వేడి

తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న ఒక ఎండాకాలంలో నా పీజీ ప్రాజెక్టు నడిచింది. భూపాలపల్లి నుంచి తెచ్చిన బొగ్గు బూడిదలో నురగ కలిపి, లోపలంతా సన్నటి బొక్కలుండే పలకలు పోసేవాళ్లం. ఆ బొక్కల్లోని గాలి వేడిని ఎంతవరకు ఆపుతుందో కొలవడం నా పని.

"ల్యాబులో చూసింది చాలదు, ఇంటి మీద కూడా చూడాలి. ఎవరికైనా రేకుల ఇల్లుందా?" అన్నారు మా సారు. ఆయనది కోస్తా. క్లాసులో ఇంకెవరికీ లేదు. నర్మెట్ట దగ్గర తండాలో మాది రేకుల ఇల్లేనని నేనే చెప్పాల్సి వచ్చింది.

సారు జీపులో పలకలు తెచ్చి సగం కప్పు మీద పరిపించారు. మిగతా సగం ఉత్త రేకులే. లోపల రెండు చోట్లా వేడి కొలిచే తీగలు అంటించాం. తిరిగి వెళ్దామంటే జనగామలో రాస్తారోకో. మధ్యాహ్నమంతా ఆయన మా ఇంట్లోనే ఉండిపోయారు.

అమ్మ మా లంబాడీ భాషలో నన్నేదో అడిగింది. సారు ముందు ఆ మాటలు నా నోట రాలేదు. తెలుగులో జవాబిచ్చాను. అమ్మ నా వైపు ఒకసారి చూసి తనూ తెలుగులోకి మారింది.

"జర ఇటు జరుగు సారూ, గీ మూలకు సల్లగుంటది."

సారు చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. "ఇందులో ఎలా ఉంటున్నారమ్మా?"

"ఏం జేస్తం సారూ, పగలంత చెట్టు కింద, పొద్దుగూకినంక ఇంట్ల."

నేను తల దించుకుని మీటరునే చూస్తూ కూర్చున్నాను. పలకలున్న వైపు వేడి బాగా తగ్గింది. సంతోషపడాల్సిన సంగతే. నాకేమో మా బతుకు పరాయివాళ్ల ముందు విప్పి చూపినట్టుంది.

ప్రాజెక్టు సెమినారులో తెర మీద, ఆ రోజు సారు తీసిన మా ఇంటి ఫొటో పడింది, గడపలో అమ్మతో సహా. అది పెడతారని సారు నాకు చెప్పలేదు.

"ఎవరిదీ గుడిసె?" ముందు వరుసలోంచి ఒక పెద్దాయన అడిగాడు.

"గుడిసె కాదు సార్, మా ఇల్లు. గామె మా అమ్మ."

ఎంత జాగ్రత్తపడినా 'ఆమె' బదులు 'గామె' జారనే జారింది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. నా చెవులు కాలిపోయాయి.

"నిన్ను అడగకుండా పెట్టాను, తప్పయింది" అన్నారు సారు తర్వాత. ఫరవాలేదన్నాను కానీ, మూడు రోజులు క్లాసుకు పోలేదు.

ఇంట్లో చెబితే అమ్మ నెత్తి పట్టుకుంది. "అంతమంది సూసిండ్రా? ముందుగాల చెప్తే మంచి చీర కట్టుకుందు గదనే!"

పలకలు తీయడానికి జీపు వచ్చిననాడు నేను లోపలే ఉండిపోయాను. బయట అమ్మ గొంతు వినిపించింది.

"సగం ఇల్లన్న సల్లగుండనియ్యి సారూ."

సారు వాటిని వదిలేసి వెళ్లారు.