జున్నుపాలలో ముంచిన వేలు

నా చిన్నప్పుడు, అరవైల చివర్లో, శ్రీకాకుళానికి నాలుగు మైళ్ల దూరంలో ఉన్న మా ఊళ్లో పక్కింటి అత్త ఒక్క ఆవుతో ఇల్లు నడిపేది. మాకు చుట్టం కాదు, వరసకి అత్త. ఏడెనిమిది ఇళ్లకు పాలు పోసేది. ఆవు ఈనినప్పుడు జున్నుపాలు మాత్రం అమ్మేది కాదు. అవి పంచుకోవలసినవే గాని అమ్ముకోవలసినవి కావని మా వైపు పట్టింపు. మొదటి పూట పాలు ఎప్పుడూ మా ఇంటికే.

ఆ ఏడు ఎండాకాలంలో ఆవు ఈనింది. పొద్దున్నే అత్త నన్ను వాళ్లింటికి పిలిచి, చెంబెడు జున్నుపాలు తెచ్చి, "ఒరే అల్లుడా, తిన్నగా ఎల్లి మీ అమ్మకియ్యి. ఎండ తగలనీకు" అంది. నా కుడి బొటనవేలికి అప్పుడు గోరుచుట్టు లేచి చీము పట్టింది. చేతికి పుండున్నవాళ్లను అత్త తన పాలచెంబు ముట్టుకోనిచ్చేది కాదు. అది తెలిసే ఆ వేలిని పిడికిట్లో దాచి, చెంబును చంకలో పెట్టించుకున్నాను.

ఇంటికి వచ్చేసరికి అమ్మ నువ్వుచేను కోతకి వెళ్లిపోయింది. చెంబు అరుగు మీద దించి, వేలికున్న గుడ్డపీలిక విప్పి, ఆ వేలే పాలలో ముంచి నాకాను. పసుపుపచ్చగా, చిక్కగా ఎంత బాగున్నాయో! మళ్లీ మళ్లీ ముంచాను. తరువాత గోళీలాటకు పోయాను. పొద్దెక్కి అరుగంతా ఎండ పరుచుకుంది. మధ్యాహ్నం అమ్మ వచ్చి చూస్తే పాలు విరగలేదు, వాసనా మారలేదు. బెల్లం, మిరియాలు వేసి ఆవిరి మీద ఉడికించింది. అందరం తిన్నాం.

పొద్దు వాలకముందే ఇంటిల్లిపాదికీ వాంతులు. నాయనమ్మ కళ్లు తేలేసింది. కాంపౌండరు వచ్చి ఉప్పు, పంచదార కలిపిన నీళ్లు చెంచాతో పట్టిస్తూ ఆమెను నిలబెట్టాడు.

మూడో రోజు అత్త చూడడానికి వచ్చింది. నాయనమ్మ మంచం మీంచే, "ఉడికిన జున్ను తిని ఇంతమందిమి పడిపోనామే! పాలల్లో ఏటి కలిపినావే?" అంది. అత్త చూపు నా వేలి మీద ఆగింది. నన్ను పెరట్లోకి తీసుకెళ్లి, "ఏలు ముంచినావా?" అని మెల్లగా అడిగింది. తలూపాను.

"సీము పడిన పాలు ఎండలో ఉంటే ఇసమవుతాదిరా. ఎంత మరిగించినా ఆ ఇసం సావదు. అందుకే గదా, నా సేతికి పుండైతే మా సెల్లి సేత పితికిస్తాను. నాను సెప్పను. సిన్నోడివి, తన్నులు తింటావు. నువ్వే మీ అమ్మకి సెప్పు" అంది.

నేను చెప్పలేదు. వారం తిరిగేలోగా నాయనమ్మ అన్న మాట ఊరంతా పాకింది. ఒక్కో ఇల్లూ అత్త పాలు మానేసింది. నూతి దగ్గర కనబడితే, "సెప్పినావా అల్లుడా?" అనేది. "రేపు సెప్తానత్తా" అనేవాణ్ణి. వానలు పడేసరికి ఆవును దూడతో సహా సాలూరు వాళ్లకు అమ్మేసుకుంది. ఆ తరువాత కూడా నన్ను ప్రేమగానే పలకరించేది. ఆ మాట మాత్రం మళ్లీ అడగలేదు.

ఆమె పోయిన చాలా ఏళ్లకు అమ్మకు చెప్పాను. చాటలో బియ్యం ఏరుతున్న అమ్మ చెయ్యి ఆగిపోయింది. "ఇప్పుడెవులికి సెప్తావురా?" అంది.

అత్త చెప్పినదే తరువాత ఒక డాక్టరు కూడా చెప్పాడు. పుండులోని సూక్ష్మజీవి వేడికి చస్తుందట, అది పాలలో విడిచిన విషం మాత్రం మిగిలిపోతుందట. ఇప్పటికీ మా ఇంట్లో వేలు తెగినవాళ్లను నేను వంటింట్లోకి రానివ్వను. పాలు కాచకుండా బయట వదిలేస్తే ఊరుకోను. పిల్లలు చాదస్తమని నవ్వుతారు. వాళ్లకు ఇన్నేళ్లూ ఆ విషం సంగతి చెబుతూనే వచ్చాను. అత్త పాలలో దాన్ని కలిపింది నేనేనని మాత్రం ఇప్పుడే చెబుతున్నాను.