ఐదుగురితో ఎత్తెక్కే కారు

పంతొమ్మిది వందల తొంభై మూడు ఫిబ్రవరిలో ఒక శనివారం ఉదయం పదిన్నరకి, ఫిల్మ్‌నగర్ ఎత్తు మీద, ఒక పాత ఫియట్ కారు వెనక సీట్లో నేను శాంతరాజు భార్యగా కూర్చుని ఉండగా, కారు ఆగిపోయి వెనక్కి జారింది. నా పక్కన శాంతరాజు అత్తగారుగా ఆదాము కూర్చున్నాడు. అతనికి మీసాలున్నాయి. ముందు సీట్లో శాంతరాజు ఇద్దరు కూతుళ్ళుగా రెండు ఇసుక బస్తాలున్నాయి. కారు ఇరవై గజాలు జారి, కింద ఆగి ఉన్న యూనిట్ భోజనాల వ్యానుకి మెల్లగా ఆనుకుని నిలబడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. వ్యానులోంచి సాంబారు గిన్నె ఒకటి దొర్లి, కారు అమ్మడానికి తెచ్చిన బ్రోకరు కాశీవిశ్వనాథం తెల్ల ప్యాంటు మీదుగా రోడ్డు మీదకి వెళ్ళిపోయింది.

నడుపుతున్న శాంతరాజు దిగి చక్రాలు చూశాడు, క్లచ్ తొక్కి చూశాడు, నా మొహం చూశాడు.

"మా ఆవిడైతే భయపడేదండీ," అన్నాడు.

నేనూ భయపడ్డానని చెప్పాను. దాన్ని అతను పట్టించుకోలేదు.

"గిదేం కారన్నా! మా బర్రెనన్న ఎక్కుతది గీ గుట్ట," అన్నాడు ఆదాము, అత్తగారి స్థానంలోంచి.

శాంతరాజు సినిమాల్లో కార్లు నడిపే డూపు. హీరో స్టీరింగు పట్టుకుని కళ్ళెర్రజేసే ముక్క ఒకటి తీస్తారు. ఆ తరవాత కారు గాల్లోకి లేచినా, లారీ కింద నుంచి దూరినా, లోపల ఉండేది శాంతరాజు. రేపల్లె దగ్గర పుట్టాడు. మద్రాసులో స్టూడియో వ్యానులు తుడుస్తూ డ్రైవింగు నేర్చుకుని, పరిశ్రమ హైదరాబాదు వచ్చేస్తుంటే భార్యనీ ఇద్దరు పిల్లల్నీ అత్తగారు రాజమ్మగారినీ వెంటబెట్టుకుని తనూ వచ్చేశాడు. రహమత్ నగర్‌లో రెండు గదుల ఇల్లు. నేను ప్రొడక్షన్ మేనేజర్ని. షూటింగులకి బళ్ళు కుదిర్చేది నేను, వాటిని పాడుచేసేది అతను. స్నేహం అలా కుదిరింది. ఆదాము రహమత్ నగర్ వాడే, ఫైటరు, శాంతరాజుని సొంత అన్నకంటే ఎక్కువగా చూసేవాడు. లేకపోతే ఆ మీసాలతో అత్తగారి వేషానికి ఎందుకు ఒప్పుకుంటాడు?

ఈ కార్ల వేట అంతా శాంతరాజు భార్య కరుణాకుమారి కోసం. చిన్నప్పుడు వచ్చిన జ్వరం ఒకటి ఆవిడ గుండెలో కవాటం పాడుచేసి పోయింది. ముప్ఫై నాలుగో ఏట ఆయాసం మొదలైంది. బస్సులు ఎక్కొద్దు, ఆటోల్లో కుదుపులు పనికిరావు అన్నారు డాక్టర్లు. అయినా ఆటోయే ఎక్కించాలి, ఇంకేం ఉంది? ఒకరోజు పొద్దున్నే ఊపిరి అందకపోతే శాంతరాజు ఆవిణ్ణి ఆటోలో బంజారా హిల్స్ ఆస్పత్రికి బయల్దేరదీశాడు. యూసుఫ్‌గూడ దాటి చెక్‌పోస్టు ఎత్తు సగం ఎక్కేసరికి ఆటో మొరాయించింది. అతను దిగి తోశాడు. ఆటోవాడూ దిగి తోశాడు. లోపల ఆవిడ రెండు చేతులతో కడ్డీ పట్టుకుని, "ఏమండీ, మీరు ఎక్కండి, మీకు ఆయాసం వస్తుంది," అందట.

ఆ మాట చెప్పి నా ముందు ఏడ్చాడు. అతను ఏడవగా చూడడం నాకదే మొదలు.

"తెర మీద నా బండి వంద మీద పోతుందంటారు గదా. మనిద్దరికీ తెలుసు, అది ముప్ఫై. కెమెరా నెమ్మదిగా తిప్పితే వందలా కనిపిస్తుంది," అన్నాడు. "ఆస్పత్రికి వెళ్ళేప్పుడు కెమెరా లేదు కదండీ మేనేజరుగారూ. నిజంగా పికప్ ఉన్న బండి కావాలి నాకు."

పికప్ ఒక్కటే కాదు. ఆస్పత్రికైతే ఇద్దరు చాలు. కానీ యూసుఫ్‌గూడ చర్చిలో కరుణగారు పాటలు పాడేవారు. ఆటోలు మానేశాక చర్చీ మానేశారు. ఆదివారం ఐదుగురూ ఒకే బండిలో వెళ్ళాలని శాంతరాజు పట్టుదల. అంచేత ఐదుగురూ పట్టాలి, ఐదుగురితో ఎత్తు సెకండ్ గేరులో ఎక్కాలి, సీటు ఎత్తుగా ఉండాలి, వంగితే ఆవిడకి ఆయాసం వస్తుంది. పైగా అతను కొనగలిగేదై ఉండాలి. మన దేశంలో అప్పుడున్న కార్లు చేతివేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. వాటిల్లో ఇవన్నీ ఉన్నది ఏదీ లేదని తేల్చుకోడానికి ఏడాదిన్నర పట్టింది మాకు.

ఫియట్ సంగతి చెప్పాను. తరవాత పదిహేనేళ్ళ అంబాసిడర్ ఒకటి వచ్చింది. సీటు సింహాసనం. కానీ ఐదుగురితో సెకండ్ గేరులో ఎక్కలేక ఫస్టులోకి దిగింది. "అవ్వలేదండీ," అని తాళం కాశీవిశ్వనాథానికి ఇచ్చేశాడు. మారుతి ఎయిట్ హండ్రెడ్ తెస్తే మేకపిల్లలా ఎక్కేసింది. పైకి వెళ్ళాక ఆదాము మోకాళ్ళు గడ్డానికి ఆనుకుని ఉన్నాయి.

"అన్నా, రాజమ్మత్త గిట్ల కూసుంటే మళ్ళ లేవదు," అన్నాడు.

మారుతి వ్యానులో పదిమందైనా పడతారు గాని, ముందు సీటు కిందే ఇంజను, వేడి లోపలంతా వస్తుంది, అది ఆవిడకి పడదన్నాడు. ఒక నిర్మాతగారు కాంటెస్సా అమ్ముతున్నారంటే ఊరికే నడిపి చూశాడు. ఎత్తు అయిపోయిందని పైకి వచ్చాకగాని తెలియలేదు. దిగి, బానెట్ మీద చెయ్యి వేసి కాసేపు నిలబడి, "ఇది తాగే పెట్రోలుకి ఇంకో కుటుంబాన్ని పోషించొచ్చండీ," అన్నాడు.

ప్రతి కారుకీ నేను భార్యని, ఆదాము అత్తగారు. ఎందుకు నేనంటే, ఆస్పత్రి చీటీ మీద ఆవిడ బరువు అరవై ఒకటి. యూనిట్ మొత్తానికీ పాతపేపర్ల కొట్టు కాటా మీద అంతే తూగినవాణ్ణి నేనొక్కణ్ణే. ఇది తెలిసిన రోజు మేకప్ వాళ్ళు నన్ను "వదినగారూ" అని పిలిచారు. రెండు వారాలు పిలిచారు.

ఒకసారి వాళ్ళింటికి వెళ్తే కరుణగారు టీ ఇచ్చి, గోడకి ఆనుకుని నిలబడి నవ్వారు.

"నా వేషం మీరు వేస్తున్నారటగా అన్నయ్యగారూ?"

"వేస్తున్నానమ్మా. డైలాగులు లేవు, అదొక్కటే లోటు."

"నాకూ లేవులెండి ఆయన ముందు," అన్నారావిడ. నవ్వబోయి దగ్గారు. దగ్గు ఆగాక శాంతరాజు వైపు తిరిగి, "ఒక్కసారి నన్నూ తీసుకెళ్ళకూడదూ? ఊరికే కూర్చుంటాను," అన్నారు.

"అన్నీ కుదిరాక ఎక్కుదువుగాని. ఎక్కించడం, బాగాలేదని దించడం, నీకెందుకా అవస్థ?"

"దాని మొహం, సరదాగా అడిగింది. తీసుకెళ్ళొచ్చుగా అల్లుడూ," అన్నారు లోపల్నుంచి రాజమ్మగారు.

అప్పుడు నేనే అడ్డం వచ్చాను. మా దగ్గర పద్ధతి అది. లైట్లు సర్దుకోడానికి, కెమెరా చూసుకోడానికి డూపుని నిలబెడతాం. ఎండలో రెండు గంటలు వాడు నిలబడతాడు. అంతా కుదిరి షాటు రెడీ అన్నాకే ఆర్టిస్టుని పిలుస్తాం. అది ఆర్టిస్టుకిచ్చే మర్యాద. ఇరవై ఏళ్ళుగా చేస్తున్న పని. "శాంతరాజు చెప్పింది నిజమేనమ్మా, షాటు రెడీ అయ్యాక పిలుస్తాం మిమ్మల్ని," అన్నాను. ఆవిడ సరే అన్నారు. ఆ పూట నేను నోరు మూసుకుని టీ తాగి ఉంటే ఎంత బాగుండేదో.

ఆ ఏడాది జూన్‌లో శాంతరాజు నన్ను దింపేశాడు.

"మీరు ఎక్కువైపోయారండీ," అన్నాడు, ఎటో చూస్తూ.

నేను లావెక్కానేమోనని కాటా ఎక్కాను. అదే అరవై ఒకటి. ఆస్పత్రి చీటీ చూపించాడు. యాభై మూడు. నా బదులు మూడో ఇసుక బస్తా వచ్చింది.

అప్పట్నుంచి ప్రతి నెలా చీటీ రాగానే మూతి విప్పి బస్తా సరిచేసేవాడు. ఇసుక పారబొయ్యడు. పిల్లలు ఎదిగే వయసు, వాళ్ళనీ కాటా మీద తూచేవాడు. తల్లి బస్తాలోంచి దోసిళ్ళతో తీసి పిల్లల బస్తాల్లో పోసేవాడు. మొదటిసారి చూసి ఆదాము ఏదో హాస్యమాడబోయాడు. సగంలో ఆగిపోయి, పోయి బండరాయి మీద కూర్చున్నాడు. ఇటు నాలుగు దోసిళ్ళు తగ్గితే అటు రెండేసి పెరిగేవి. మొత్తం బరువు మారలేదు. కారుకి తేడా తెలియదు.

నేను చెప్పి చూశాను. "శాంతరాజూ, ఏదో ఒకటి కొనెయ్యవయ్యా. కొంత తక్కువైతే ఏం?"

"ఆ తక్కువే ఆరోజు అడ్డం వస్తే? కారు జంప్ చేసేప్పుడు కొంత తక్కువైతే ఏం అని అనుకుంటానా నేను?" అన్నాడు. ఆ జాగ్రత్త వల్లే అతను అప్పటికి బతికి ఉన్నాడు.

తొంభై నాలుగు సెప్టెంబరులో ఏడాది తిరిగిన మారుతి జెన్ ఒకటి అమ్మకానికి వచ్చింది. మూడు బస్తాలతో, ఆదాముతో, ఆ ఎత్తుని థర్డ్ గేరులో ఎక్కింది. పైన ఆపి శాంతరాజు ఏడాదిన్నరలో మొదటిసారి నవ్వాడు. కడుతున్న చిట్‌ఫండు ఎత్తితే అందే ధరే. కానీ ఇంటికి వెళ్ళి కరుణగారిని కుర్చీలో కూర్చోబెట్టి, నేల నుంచి మోకాలి దాకా టేపు పెట్టి కొలిచి వచ్చాడు. సీటు మూడు అంగుళాలు తక్కువ.

"దిండు కుట్టిస్తే సరిపోతుంది. వచ్చే శనివారం ఖాయం చేసేద్దాం, పిలిచేద్దాం ఆవిణ్ణి," అన్నాడు.

దిండు కుట్టడానికి ఇచ్చిన మూడో రోజు ఆవిడ పడిపోయారు. ఆస్పత్రికి ప్రొడక్షన్ వ్యానులో నేనే తీసుకెళ్ళాను, పరుపు పరిచి, వెనక. శాంతరాజు ఆ రోజు ఊరవతల క్వారీలో ఎవరో హీరో బదులు కారు దూకిస్తున్నాడు.

పదహారు రోజులు ఉంచారు. ఆపరేషన్‌కి మనిషి తట్టుకోదన్నారు. పదిహేడో రోజు, ఇంటికి తీసుకెళ్ళండి, ఇష్టమైనవి పెట్టండి అన్నారు. ఆ మాటకి అర్థం శాంతరాజుకి తెలిసింది. వరండాలోకి వచ్చి నన్ను స్కూటరు తియ్యమన్నాడు. తిన్నగా కాశీవిశ్వనాథం షెడ్డుకి తీసుకెళ్ళమన్నాడు. జెన్ అప్పటికే ఎవరో పట్టుకుపోయారు. మేం వద్దన్న అంబాసిడర్ మాత్రం మూల దుమ్ము కొట్టుకుని ఉంది, కొనేవాళ్ళు లేక.

"అదా? అది నీ ఎత్తెక్కదన్నావు కదయ్యా," అన్నాడు కాశీవిశ్వనాథం.

"తాళం ఇవ్వండి."

బానెట్ ఎత్తలేదు. క్లచ్ తొక్కి చూడలేదు. సీటు మీద దుమ్ము మాత్రం తన చొక్కా విప్పి తుడిచాడు.

ఆ తరవాత ఆవిడ పదకొండు రోజులే ఉన్నారు. మళ్ళీ కారు ఎక్కలేదు. ఎక్కింది ఆ ఒక్క సాయంత్రమే, అదే చెప్పి ముగిస్తాను.

ఆస్పత్రి మెట్ల దగ్గర ముందు తలుపు తీసి పట్టుకున్నాడు. ఆవిడ వంగకుండానే కూర్చున్నారు. చేత్తో సీటు తడిమి, "మెత్తగా ఉందండీ," అన్నారు. వెనక రాజమ్మగారు, పిల్లలిద్దరూ. ఏ స్థానంలో ఉండాల్సిన మనిషి ఆ స్థానంలో కూర్చోవడం మొదటిసారి చూశాను. నేను స్కూటరు మీద వెనకే ఉన్నాను.

రహమత్ నగర్‌కి దగ్గర దారి ఉంది. ఆవిడే అడిగారట, "ఫిల్మ్‌నగర్ ఎత్తు మీదుగా పోదామా? నా బదులు అందరూ ఎక్కారు, నేనే ఎక్కలేదు," అని.

సాయంత్రం నాలుగు. స్టూడియోల బళ్ళన్నీ ఆ దారిలోనే ఉన్నాయి. శాంతరాజు మొదట్లోనే ఫస్ట్ గేరులో వేశాడు. ఇంజనుకి ఓపిక లేకపోవడం ఒకటే కాదు, ఆవిడకి కుదుపు తగలకూడదని. పక్కన ఎవరైనా నడిచి వస్తే కారుని దాటిపోతారు, అంత నెమ్మది. ఆవిడ కిటికీలోంచి బండరాళ్ళూ, కట్టి వదిలేసిన సెట్టూ చూస్తున్నారు. పిల్లలు ఏదో చూపిస్తున్నారు, ఆవిడ తల ఊపుతున్నారు. వెనక హారన్లు మొదలయ్యాయి. ఒకటి, మూడు, ఆ తరవాత లెక్క లేదు.

చివరికి ఓ కారులోంచి డిస్ట్రిబ్యూటరు సత్యనారాయణమూర్తిగారు దిగి, చెమట తుడుచుకుంటూ గబగబా నడిచి వచ్చి డ్రైవరు కిటికీ కొట్టారు. మనిషిని గుర్తుపట్టారు.

"శాంతరాజూ, నువ్వటయ్యా! తెర మీద అంత దూకిస్తావు, ఇదేం నడపడం? వెనక చూడు, కింద దాకా ఆగిపోయారు జనం!"

శాంతరాజు ఆయనకి నమస్కారం పెట్టి, గేరు మార్చకుండా అన్నాడు:

"మా ఆవిడ ఇవాళే ఎక్కిందండీ."