కోడిగుడ్లు తోమిన ఆదివారం

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఇరవై రెండేళ్ల వయసు, చేతిలో డిగ్రీ, రేవు దగ్గర సరుకులు విడిపించే చిన్న ఆఫీసులో కొత్త ఉద్యోగం, జేబులో రెండు పెన్నులు (ఒకటి రాసేది కాదు, కానీ జేబుకి నిండుగా ఉండేది). అన్నీ తెలిసినవాడికి ఎవరినీ ఏదీ అడగాల్సిన అవసరం ఉండదు కదా. నేనూ అడగలేదు. అడిగి ఉంటే తొమ్మిది ప్రాణాలు దక్కేవి.

మాది ఎలమంచిలి. మా నాన్నది కిరాణా కొట్టు. గుడ్లంటే అట్టల్లో తెల్లగా, ఒకదాని పక్కన ఒకటి కూర్చుని వచ్చే సరుకు. ఇక కోడితో నా పరిచయమంతా పళ్లెంలోనే. ఉద్యోగం వచ్చాక విశాఖ వన్‌టౌన్‌లో మా మేనత్త ఇంట్లో దిగాను. అత్త నర్సుగా చేసి రిటైరైంది, పెళ్లి మాట ఎవరినీ ఎత్తనివ్వలేదు, రెండు గదులూ ఇంత పెరడూ ఉన్న ఇంట్లో ఒక్కతే ఉండేది. గాలి రేవు వైపు నుంచి తిరిగిందంటే ఆ వీధిలో ప్రతిదాని మీదా గోధుమరంగు దుమ్ము దిగేది. పొద్దున తెల్లగా ఆరేసిన నా చొక్కా సాయంత్రానికి టీలో ముంచి తీసినట్టుండేది. అందుకని అత్త ప్రతి తలుపుకీ ఒక తుడుపుగుడ్డ తగిలించింది. ఏసుప్రభువు పటం కింద మేకుకి ఒకటి విడిగా ఉండేది (అది మాత్రం ఉతికి ఇస్త్రీ చేసినది). నేను వెళ్లిన మొదటి రోజే, కుర్చీలో కూలబడబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపింది. “ఈ ఇంట్లో ఏటి ముట్టుకున్నా ముందు తుడవాలిరా నాన్నా. అదొక్కటి నేర్సుకో, సాలు,” అంది. నేను శ్రద్ధగా నేర్చుకున్నాను. అదే కొంప ముంచింది.

పెరట్లో ఒక పుంజూ ఒక పెట్టా ఉండేవి. సీతమ్మధారలో అత్త చివరిదాకా చూసుకున్న ఒక ముసలావిడ, పోయేముందు వాటిని అత్త చేతిలో పెట్టిందట. ఏదో సీమ జాతి. నల్లగా మెరిసే ఒళ్లు, మేజోళ్లు తొడుక్కున్నట్టు కాళ్లనిండా ఈకలు. పెట్ట గుడ్లు చింతగింజ రంగులో ఉండేవి, అంతే ముదురుగా, అంతే నున్నగా. అత్త వాటిని వెలుతురుకి పట్టి మురిసిపోయేది. నేనేమో పాపం ఎంత దుమ్ము పట్టిందో అనుకునేవాణ్ణి. పుంజు పరమ దుర్మార్గపుది. ఓసారి పోస్ట్‌మేన్‌ని వీధి చివరిదాకా తరిమింది, ఆయన ఆ వారం మా ఉత్తరాలన్నీ పక్కింట్లో ఇచ్చిపోయాడు.

ఆ పుంజుని ఒకరోజు వీధికుక్క ఎత్తుకుపోయింది. అప్పటికే అత్తకి గుండె నీరసపడింది, కాళ్లకి నీరు చేరేది. నర్సు కాబట్టి డాక్టరు దాచినదేదో ఆవిడకి ముందే తెలుసు. పుంజు పోయిన వారానికి పెట్ట పొదుగుకొచ్చింది. అత్త మూల గదిలో గంపలో గడ్డి పరిచి గుడ్లు పొదగేసి, నా భుజం పట్టుకుని లేచి నిలబడింది. “ఆ జాతికి ఇయే ఆకరివిరా. నాను మరెన్నాళ్లో ఉండను. ఈటి పిల్లల్ని సూసి పోతే సాలు,” అంది. అలాంటి మాటలు అనకత్తా అని విసుక్కున్నాను. 

వారం తిరక్కుండానే ఆవిణ్ణి ఆసుపత్రిలో చేర్చాం. తోడుండడానికి మా అమ్మ ఊరి నుంచి వచ్చింది. ఇల్లూ కోడీ నా మీద పడ్డాయి. గింజలు వెయ్యి, నీళ్లు పెట్టు అని అత్త చెప్పింది. అంతటితో ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? ఆదివారం ఇల్లంతా తుడిచి, పటం తుడిచి, చివరికి గంప దగ్గరికొచ్చాను. ఇంత దుమ్ము పేరుకుంటే లోపలి పిల్లలకి ఊపిరాడేది ఎలాగ అనిపించింది. పెట్టని బుట్ట కింద మూసి (చేతి మీద మూడు పోట్లు, మచ్చ ఒకటి ఇంకా ఉంది), తొమ్మిది గుడ్లూ బకెట్లో వేసి, సబ్బుపొడి చల్లి, కొబ్బరిపీచుతో తోమాను. నీళ్లు గోధుమరంగుకి తిరిగాయి. చూశావా ఎంత మురికో అనుకుని ఇంకా గట్టిగా తోమాను. (ఆ జాతి గుడ్లకి రంగు పైపైనే ఉంటుందని, తడిపి రుద్దితే ఊడొస్తుందని చాలా ఏళ్లకి తెలిసింది.) పాలిపోయిన గుడ్లని చేటలో పెట్టి, అప్పడాల్లాగా, మిట్టమధ్యాహ్నం ఎండలో గోడ మీద ఆరబెట్టాను. సాయంత్రం మళ్లీ గంపలో సర్దాను. పెట్ట కాసేపు వాటిని ఎగాదిగా చూసి, పాపం, వాటి మీదే కూర్చుంది.

అత్త ఇంటికొచ్చి చెప్పులైనా విడవకుండా గంప దగ్గరికి వెళ్లింది. నేను వెనకే నిలబడి, తోమిన వైనం సవిస్తరంగా చెప్పాను, మెచ్చుకుంటుందని. ఆవిడ ఒక గుడ్డు తీసి చాలాసేపు చేతిలో తిప్పింది. మళ్లీ పెట్ట కిందే పెట్టేసింది. పిల్లలు రావాల్సిన ఇరవై ఒకటో రోజు వచ్చింది, పోయింది. పెట్ట తిండి మాని ఇంకా కూర్చునే ఉంది. ఇరవై ఆరో రోజు అత్తే గుడ్లు తీసి, జామచెట్టు కింద నా చేత గొయ్యి తీయించి పూడ్చింది. అప్పటికి నా డిగ్రీకి సంగతి అర్థమైంది. తలెత్తలేకపోయాను. “నీ తప్పు కాదురా. తుడవమన్నది నానే కదా,” అంది అత్త. “అయినా ఆ పుంజు ముసిలిదైపోయింది. ఆటిల్లో ముందునుంచే పిల్లల్లేవు.” నేను ఆ మాటని రెండు చేతులా అందుకున్నాను. పోస్ట్‌మేన్‌ని వీధి చివరిదాకా తరిమిన పుంజు ముసలిది ఎలా అవుతుందని ఒక్క క్షణం ఆలోచించలేదు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను కూడా.

ఆ రోజుల్లోనే అత్తకి కాళ్లకి నూనె రాయించుకునే పిచ్చి పట్టుకుంది. నాలుగిళ్ల అవతల హార్బర్‌లో చేపలమ్మే పిన్ని ఒకావిడ ఉండేది, ఆవిడ నూనె రాస్తే నొప్పి తగ్గుతోందని రోజూ సాయంత్రం బయల్దేరేది. నేను ఆఫీసు నుంచి రాగానే జబ్బ పట్టుకుని తీసుకెళ్లేవాణ్ణి. ఆడవాళ్లు కాళ్లకి నూనె రాసుకునే చోట మనకేం పని అని గుమ్మం బయటే నిలబడి ఫోను చూసుకునేవాణ్ణి. లోపల కిచకిచలు వినిపించేవి, పిన్నికీ కోళ్లున్నాయి, ఆవిడవే అనుకునేవాణ్ణి. గంట పట్టేది. ఒక్కోసారి అత్త నవ్వడం కూడా వినిపించేది. తిరిగొచ్చేటప్పుడు మొహం తేటగా ఉండేది. అంత నూనె పట్టించినా కాళ్లు పొడిగానే ఉన్నాయేమిటని నాకు ఒక్కరోజూ అనిపించలేదు.

నాలుగు నెలలు తిరక్కుండా అత్త పోయింది. సమాధి చేసి వచ్చిన మూడో రోజు చేపల పిన్ని ఒక గంప తెచ్చి పెరట్లో దించింది. మూత తీస్తే ఒక పుంజుపిల్ల, ఒక పెట్టపిల్ల. నల్లటి ఒళ్లు, కాళ్లకి ఈకల మేజోళ్లు. ఆసుపత్రికి వెళ్లేముందు, ఎందుకైనా మంచిదని అత్త అదే గంపలోంచి రెండు గుడ్లు తీసి పిన్ని కోడి కింద పెట్టించిందట. రెండూ పిల్లలయ్యాయి. గట్టు మీద కూర్చున్నాను. మరి నాకెందుకు చెప్పలేదని అడిగాను.

“సెప్పొద్దంది బాబూ,” అంది పిన్ని. “రోజూ వచ్చి ఒళ్లో ఎట్టుకునేది. ‘ఈటి సంగతి తెలిస్తే ఆ తొమ్మిదీ ఆడి కళ్ల ముందరే ఉంటాయి. నాను పోయాక ఇయ్యి’ అనేది. నూనేటి, గీనేటి. నా ఇంట్లో సుక్క నూనె ఉంటే కదా.”

అత్త కోసం అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడొచ్చింది.

ఇప్పుడు గోపాలపట్నంలో మా పెరట్లో తిరిగేవి ఆ రెండింటి సంతానమే. గుడ్లు అదే చింతగింజ రంగు. పొద్దున్నే ఒకటి చేతిలోకి తీసుకుంటే రెండో చెయ్యి ఇప్పటికీ దానంతట అదే తుడుపుగుడ్డ వైపు వెళ్తుంది, మా ఆవిడ చూసి నవ్వుతుంది. నాకూ నవ్వొస్తుంది. ఆ గుమ్మం బయట ఫోను చూసుకుంటూ, రెండు కాళ్లకి నూనె రాయడానికి ఇంతసేపా అని విసుక్కున్న కుర్రాడు గుర్తొస్తాడు. ఒక్కసారి లోపలికి తొంగి చూడరా అని వాడికి చెప్పాలనిపిస్తుంది. అంతలోనే, వద్దులే, అత్త అంత కష్టపడి దాచింది, వాణ్ణి అలాగే బయట నిలబడనీ అనిపిస్తుంది.