నా కార్డు మీద మిగిలిన నవల

ఇది డైరీలో తప్ప ఎక్కడా చెప్పలేదు. లైబ్రరీలో పనిచేసిన రెండేళ్లలో, నేను పూర్తిగా చదవని ఒక నవలను రెండుసార్లు నా కార్డు మీద తీసుకున్నట్టు చూపించి కాపాడాను.

మూడేళ్ల క్రితం ఫిబ్రవరిలో, అమెరికాలో మోరిస్‌విల్ దగ్గర ఒక చిన్న లైబ్రరీలో అసిస్టెంట్‌గా చేరాను. అక్కడ ఏటా ‘వీడింగ్’ ఉండేది, అంటే కలుపుతీత. ఏడాదిగా ఎవరూ తీసుకోని పుస్తకాల జాబితాను కంప్యూటర్ ఇస్తుంది. అసిస్టెంట్ వాటిని అరల్లోంచి తీస్తుంది. లైబ్రేరియన్ సంతకం పెట్టాక అవి అమ్మకపు బండిలోకి పోతాయి.

నేను కాపాడినది బహుమతులు పొందిన అమెరికన్ నవల. ఒక్కో వాక్యం పేజీ దాటేది. మూడుసార్లు మొదలుపెట్టి నలభయ్యో పేజీ దగ్గరే ఆగిపోయాను. అట్ట మీద అంతమంది మెచ్చుకున్నారు కనుక లోపం నాదే అనుకున్నాను. రెండో ఏడాది జాబితాలో దాని పక్క పుస్తకం వచ్చింది. మోటెల్ లాండ్రీలో పనిచేసే ఒకామె కథ. చిన్న చిన్న వాక్యాలు. దాన్ని మాత్రం ఆలోచించకుండా బండిలో పెట్టాను.

కొన్నాళ్లకు ఒక శనివారం సరళ ఆంటీ వచ్చారు. నర్సు, మా తెలుగు చర్చిలో పరిచయం. ఎప్పుడూ కిటికీ పక్కన కూర్చుని చదువుకునేవారు. ఏం చదువుతున్నారో అడిగే చొరవ నాకు లేదు.

“అమ్మా, ఆ మోటెల్ ఆమె బుక్ కనబడట్లేదు. ఎవరన్నా తీసుకెళ్లారా?”

అమ్ముడుపోయిందని చెప్పాను.

“అయ్యో, ఇంకా ఇరవై పేజీలే! కూతుర్ని ఇంట్లోకి రానిచ్చిందో లేదో తెలియాలి నాకు. వచ్చే సండే వేరే స్టేట్‌కి, కమ్మింగ్‌కి మూవ్ అయిపోతున్నాం.”

లైబ్రరీలోనే చదివిన పుస్తకాన్ని బల్ల మీద వదిలేయాలి. మేం స్కాన్ చేస్తేనే అది లెక్కలోకి వస్తుంది. ఆంటీ మాకు శ్రమ ఎందుకని, ప్రతిసారీ తీసిన చోటే పెట్టేసేవారు. కంప్యూటర్ దృష్టిలో ఆ పుస్తకానికి పాఠకులే లేరు.

వేరే లైబ్రరీ నుంచి తెప్పించాలంటే మూడు వారాలు పడుతుంది. ఉత్త చేతులతో పంపలేక ఆ బహుమతి నవల ఇచ్చాను. నిలబడే రెండు పేజీలు చదివారు.

“ఈవిడ ఇంకా తలుపు దగ్గరే ఉందేంటే! లోపలికి ఎప్పుడొస్తది?” అని నవ్వారు. “నువ్వు చదివావా?”

“చదివానాంటీ. చాలా గొప్ప ప్రోజ్.”

“అవునా? లాస్ట్‌కి ఏమవుద్ది?”

నేను పక్కకు తిరిగి, వెనక్కి వచ్చిన పుస్తకాలు సర్దడం మొదలుపెట్టాను.

ఈనాటి అమెరికన్ వచనమంతా డాంబికమని తీర్పు చెప్పేంత నేను చదవలేదు. ఆ ఒక్క నవలను మాత్రం తర్వాత చివరిదాకా చదివాను. డెబ్బై పేజీలు నిజంగా బాగున్నాయి. మిగతావి మెప్పు కోసం రాసినవి. ఉద్యోగం నేర్పింది ఇంతే: ఎవరూ చదవని పుస్తకాన్ని మర్యాద కొద్దీ అరలో ఉంచితే, ఎవరో చదువుతున్న పుస్తకం బండిలోకి పోతుంది.

ఆ రోజు ఆంటీ నవల నా చేతికి తిరిగిచ్చి, బ్యాగ్ భుజాన వేసుకున్నారు.

“సరేలేమ్మా. చదివాక చెప్పు.”