సూర్యారావు వాళ్ల అన్న పోయిన తేదీ

సూర్యారావు ఆ పేరు అలాగే ఉంచేసి ఉంటే, నేను నిజంగా ఊరుకునేవాణ్ణా? ఇప్పటికీ చెప్పలేను.

నౌపడ స్టేషన్లో టికెట్లిచ్చి రిటైరైన మనిషి. అరవై ఆరో ఏట ఒక ఇంటర్నెట్ విజ్ఞాన సర్వస్వంలో జీతం లేని సంపాదకుడిగా చేరాడు. యుద్ధాల చరిత్ర అతని విభాగం. అందులో పాతవాణ్ణి నేను. గురువారం గురువారం పాసింజరులో ఆమదాలవలస దిగి, మా ఇంటికొచ్చి పని నేర్చుకునేవాడు. ఆధారం లేని వాక్యం నిలవదని నేనంటే నవ్వేవాడు.

"రైల్వే రూల్సు నలభయ్యేళ్లు మోసాను. ఇప్పుడు మీవి. ఏటి మాస్టారూ నా బతుకు?"

నిజానికి అతను చేరింది ఒక్క పేరు కోసం. డెబ్బై ఒకటి యుద్ధంలో, ఒక వంతెన దగ్గర జరిగిన పోరులో అన్న గణపతిరావు చనిపోయాడని ఇంటిల్లిపాదీ నమ్మకం. ఏటా మార్గశిర బహుళ షష్ఠికి తద్దినం. పాత పంచాంగం తిరగేసి, ఆ తిథికి డిసెంబరు ఎనిమిదని తేదీ కట్టి, ఆ రోజు అక్కడి పోరులో పోయినవాళ్ల జాబితాలో అన్న పేరు ఎక్కించాడు. రేపు తద్దినమనగా, ఆ గురువారం మా ఇంటికొచ్చాడు. చుట్టాలందరి ముందూ ఫోన్లో చూపిస్తానని వదిన దానమ్మకి మాటిచ్చాడు.

"ఆధారమేదీ?" అన్నాను.

వదిన పెట్టెలోంచి తెచ్చిన, ఇంట్లో ఎవరూ చదవని ఇంగ్లీషు ఆర్మీ ఉత్తరం నా చేతికిచ్చాడు. "సూడండి, ముద్ర కూడా ఉన్నాది." పేరూ ముద్రా చూసి మడిచేసినట్టున్నాడు.

రెండుసార్లు చదివాను. నవంబరు ఇరవై ఏడు. ఆసుపత్రిలో, జ్వరంతో. ఆ వరస మీద వేలు పెట్టి చూపించాను.

తనూ చదువుకుని అడిగాడు. "మరి షష్ఠి?"

"పోయాడన్న టెలిగ్రాం ఎప్పుడొచ్చింది?"

"ఆ షష్ఠి నాడే. అమ్మని పొలంలోంచి నేనే పిలుసుకొచ్చాను. పన్నెండేళ్లు నాకు."

టెలిగ్రాంలో తేదీ లేదట. పోయిన రోజు తెలియకపోతే కబురందిన తిథికే పెడతారు మనవాళ్లు. యాభై ఏళ్లలో అదే పోయిన రోజైపోయింది.

"పొద్దున్నే ఫోన్ పట్టుకుని కూసుంటాది మా వదిన. ఏటి సెప్పమంటారు? జొరమొచ్చి పోనాడని సెప్పనా?"

ఉత్తరం మడిచి అతని చేతికిచ్చాను.

"మీరే తీసెయ్యండి మాస్టారూ."

"పెట్టింది నువ్వు. నువ్వు ఉంచితే నేను ముట్టుకోను," అన్నాను. అన్నాక నా గొంతు నాకే నచ్చలేదు.

అతను తెర వైపు తిరిగాడు. నేను మంచినీళ్లు తెచ్చేసరికి కుర్చీ ఖాళీ. జాబితాలో పన్నెండు పేర్లుండాలి, పదకొండే ఉన్నాయి. మార్పుకి కారణం రాసేచోట, నేను నేర్పినట్టే రాశాడు: 'ఆధారంలో తేదీ వేరు.'

ఉత్తరం లేదు. వాకిట్లో చెప్పులు లేవు. ఎప్పుడూ గేటు దగ్గర ఆగి, "వస్తాను మాస్టారూ" అని కేకేసి గానీ కదిలేవాడు కాదు. తిరుగు పాసింజరుకి ఇంకా గంటన్నర ఉంది.