పామర్రు బస్సులో మా చిన్నాన్న

మా చిన్నాన్న పోయాడని బుధవారం పొద్దున ప్రెస్సుకు ఫోనొచ్చింది. నేను బెజవాడ గవర్నర్‌పేటలో ఒక ప్రెస్సులో ప్రూఫులు చూస్తాను. మేనేజరుగారు ఫోను పెట్టేసి, "మీ చిన్నాన్నగారు తెల్లవారుజామున పోయారటమ్మా, వెంటనే బయల్దేరు" అన్నారు. చేతిలో ఉన్నది ఎవరిదో నవల. ఆ పేజీ అలాగే వదిలేసి పామర్రు బస్సెక్కాను. డ్రైవరు వెనక, కిటికీ పక్క సీటు ఖాళీగా ఉంది. అది చిన్నాన్న సీటు. అందులో కూర్చోవడానికి మనసొప్పక వెనక్కి వెళ్ళి కూర్చున్నాను.

మీలో కొందరు ఆయన నవలలు అద్దెకు తెచ్చుకుని చదివే ఉంటారు. రాసినవాడి పేరు గుర్తుండకపోవచ్చు. ఆయనకూ ఆ పట్టింపు లేదు. బళ్ళో మాష్టారి ఉద్యోగం మానేసి రాతలో పడ్డాడు. పత్రికవాళ్ళు ముగింపు మార్చమంటే, "నా పిల్లకు జడ నేనే వేసుకుంటాను" అని కాగితాలు వెనక్కి తెచ్చేసుకునేవాడు. తన పుస్తకం తనే అచ్చు వేయించుకుని, సంచీ భుజాన తగిలించుకుని, బెజవాడలో అద్దె పుస్తకాల షాపులన్నీ తనే తిరిగేవాడు.

అయితే ఆయన నవలలు పుట్టింది బల్ల దగ్గర కాదు, పామర్రు నుంచి బెజవాడ వెళ్ళే బస్సులో. పక్కన ఎవరు కూర్చుంటే వాళ్ళతో, "ఇబ్రహీంపట్నంలో మాకు వేలువిడిచిన తమ్ముడొకడు ఉన్నాడండీ, వాడి కూతురికి ఎంత కష్టం వచ్చిందనుకున్నారు" అని మొదలుపెట్టేవాడు. ఆ తమ్ముడూ లేడు, కూతురూ లేదు. పక్కవాళ్ళు "తర్వాత?" అన్నారా, ఇంటికొచ్చి ఆ అధ్యాయం రాసేవాడు. కిటికీలోంచి చేలు చూస్తూ కూర్చున్నారా, అది గోదాట్లో కలిసినట్టే. "కథని చెబితే మర్యాదకి బాగుందంటారే. నిజమనుకుంటేనే మనసులో మాట బయటికొస్తుంది" అనేవాడు నాతో. "మీ చిన్నాన్న ఇంట్లో నోరు విప్పడు. ఆ బస్సునే చేసుకోవాల్సింది" అని మా పిన్ని విసుక్కునేది.

ఆ రోజుల్లో పామర్రుకు కొత్తగా ఒక నర్సమ్మగారు వచ్చింది. పని ఉయ్యూరు ఆసుపత్రిలో. రోజూ అదే బస్సులో, చిన్నాన్న పక్క సీట్లో ఉయ్యూరు దాకా ప్రయాణం. ఆమెకు సుగుణ కథ చెప్పడం మొదలుపెట్టాడు. సుగుణ చిన్న వయసులోనే భర్త పోయిన పిల్ల. అత్తగారింట్లో ఉండలేక, పుట్టింటికి పోలేక, కుట్టుమిషను నేర్చుకుని బతుకుదామనుకుంటుంది. నర్సమ్మగారు దిగే ముందు "తర్వాత?" అనని రోజు లేదట. ఒక రోజు చిన్నాన్నకు కథ ముందుకు సాగక, నోటికొచ్చినట్టు, "ఇప్పుడు మా ఇంటికే వచ్చి ఉందండీ" అనేశాడు.

ఆ ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక నర్సమ్మగారు నేరుగా ఇంటికొచ్చింది. వెంట ఇస్త్రీ చొక్కాలో ఆమె తమ్ముడు, అతని చేతిలో బత్తాయిల సంచీ. సెలవులకు వెళ్ళి నేనూ అక్కడే ఉన్నాను.

"సుగుణమ్మని ఒకసారి పిలుస్తారా అండీ? మావాడికీ భార్య పోయింది. బుద్ధిమంతుడు. అంతా చెప్పే తీసుకొచ్చాను" అంది.

"ఏ సుగుణండీ?" అంది పిన్ని.

వసారాలో పేపరు చదువుతున్న చిన్నాన్న దాన్ని మొహానికి ఇంకాస్త దగ్గరగా పెట్టుకున్నాడు. పిన్ని పేపరు లాగేసింది. నాకు నవ్వాగక వంటింట్లోకి పరిగెత్తాను. అక్కడి నుంచి నర్సమ్మగారి గొంతు వినిపించి నవ్వు ఆగిపోయింది.

"అయితే ఆ పిల్ల లేనే లేదా మాష్టారూ?"

"లేదమ్మా. నేను రాస్తున్న నవల."

"నేను రోజూ ఆ పిల్ల కోసం ప్రార్థన చేశానండీ."

పిన్ని కాఫీ తీసుకెళ్ళేసరికి వాళ్ళు వీధి మలుపు తిరిగిపోయారు. బత్తాయిలు మాత్రం అరుగు మీద ఉన్నాయి.

చిన్నాన్న మళ్ళీ కలం ముట్టలేదు. సగం అయిన నవల ట్రంకుపెట్టెలో పడేశాడు. "పోనీ ఇంకో సుగుణని పుట్టించండి, ఈసారి పెళ్ళయినదాన్ని" అని పిన్ని ఆటపట్టించినా నవ్వలేదు. "ఆమె ప్రార్థన కాజేశానే. తిరిగిచ్చేదెట్లా?" అనేవాడు. పాత పుస్తకాల పని మీద బెజవాడ వెళ్ళడం మానలేదు గానీ, బస్సులో నోరు విప్పేవాడు కాదు. నర్సమ్మగారు వెనక సీట్లలో కూర్చునేది. షాపులవాళ్ళు "కొత్తదేదండీ మాష్టారూ?" అంటే "వస్తోంది" అనేవాడు. రెండేళ్ళు అలా గడిచాయి. రాయలేని మనిషికి ఆ "వస్తోంది" అనడం ఎంత కష్టమో నాకిప్పుడు బాగా తెలుసు.

మళ్ళీ ఎలా మొదలైందో ఆయనే చెప్పాడు. ఒక వానరోజు బస్సు కిక్కిరిసి ఉంది. ఆయన పక్కన తప్ప చోటు లేదు. నర్సమ్మగారు వచ్చి కూర్చుంది. ఉయ్యూరు దగ్గరపడుతుండగా, ఆయన వైపు తిరగకుండానే అడిగింది.

"సుగుణ మిషను నేర్చుకుందా?"

"లేని పిల్ల కదమ్మా."

"లేదని తెలుసండీ. మీరు సగంలో వదిలేశారు, నాకేమో మనసులోంచి పోవట్లేదు. ఏదో ఒకటి చెయ్యండి."

సాయంత్రం ఇంటికొస్తూనే ఇంకు ఎక్కడుందని అడిగాడట. పిన్ని ఆనందం పట్టలేక ఆ పూట పాయసం చేసింది. నవల పూర్తయింది. నర్సమ్మగారు మాత్రం దెబ్బలాటకు దిగింది. "మా తమ్ముడికి ఇవ్వకపోతే పోనీండి, ఇంకెవరికైనా ఇచ్చి పెళ్ళి చెయ్యచ్చుగా" అని. "సుగుణే ఒప్పుకోవట్లేదమ్మా" అని చిన్నాన్న జవాబు. ఆ తర్వాత రాసినవన్నీ, కథలని చెప్పే, ముందుగా ఆమెకు వినిపించాడు.

నేనూ రాస్తాను. రాస్తానంటే, మొదలుపెడతాను. ఏడాదిగా ఒక కథ నాలుగో పేజీ దాటలేదు. ప్రెస్సుకు వచ్చినప్పుడల్లా చిన్నాన్న, "ఏదీ, నోటితో చెప్పు చూద్దాం. నోటికి రానిది చేతికి రాదే" అనేవాడు. నాకు సిగ్గు. మళ్ళీసారి చెబుతాననేదాన్ని. సరేనని నా బల్ల మీద బత్తాయి ఒకటి పెట్టి వెళ్ళేవాడు.

బుధవారం సాయంత్రం సమాధుల దొడ్డిలో అందరూ చిన్నాన్నకు మట్టి వేసి వెళ్ళిపోయాక నర్సమ్మగారు ఒక్కతే నిలబడి ఉంది. నన్ను దగ్గరకు తీసుకుని ఏడ్చింది. కాసేపటికి కళ్ళు తుడుచుకుని అడిగింది.

"కొత్త కథ నీకేమైనా చెప్పారా అమ్మా? పెద్దాయన ఒకడు, పోయిన భార్య హార్మోనియం పడవలో వేసుకుని కూతురి దగ్గరికి బయల్దేరతాడు. తండ్రీకూతుళ్ళకి ఎప్పట్నించో మాటల్లేవు. పడవ కాలవ లాకుల దగ్గర ఆగింది, తలుపులు తీస్తేగానీ కదలదు. తర్వాతది శుక్రవారం చెబుతానన్నారు."

నాకు చెప్పలేదు. పిన్నినడిగితే తనకూ తెలియదంది. రాసిన కాగితం ఒక్కటీ లేదు.

శుక్రవారం పొద్దున తిరుగు బస్సెక్కాను. నర్సమ్మగారు డ్యూటీకి ఉయ్యూరు వెళుతోంది. చిన్నాన్న సీటు వదిలి పక్క సీట్లో కూర్చుంది. నన్ను చూసి కాళ్ళు పక్కకు జరిపి దారిచ్చింది. కిటికీ పక్కన కూర్చున్నాను. కాలవ నిండుగా పారుతోంది. చిన్నాన్న లేడన్న సంగతి అప్పుడు పూర్తిగా తెలిసొచ్చింది. ఆ ముసలాయన హార్మోనియంతో లాకుల దగ్గరే ఉండిపోతాడనిపించింది.

"లాకులు తీశారండీ" అన్నాను.

ఆమె నా వైపు తిరిగింది.

"తర్వాత?"

చెప్పడం మొదలుపెట్టాను. ఏం చెబుతున్నానో నాకే తెలియదు. పడవ కదిలింది. ముసలాయన హార్మోనియం మీద నీళ్ళు పడకుండా తన కండువా కప్పాడు. "ఉయ్యూరు, ఉయ్యూరు" అని కండక్టరు కేకేశాడు. జనం దిగారు, ఎక్కారు. నర్సమ్మగారు సంచీ ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుంది.